గల్వాన్‌లో కట్టు కట్టినవాడు

నా బ్లాగ్‌కు ఎప్పుడూ రానన్ని వ్యూస్ ఒకే ఒక్క పోస్ట్‌కు వచ్చాయి. 2020 జూన్ 29 రాత్రి కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది. లాక్‌డౌన్ రోజులు. వర్క్ ఫ్రం హోమ్ అని హైదరాబాద్ నుంచి కోదాడ వచ్చేసి, మేడమీద గదిలో మకాం పెట్టా. వార్త రాగానే ల్యాప్‌టాప్ ముందేసుకుని ఏ యాప్ పోయింది, దాని బదులు ఏది వాడొచ్చు, ఉన్న వీడియోలు ఎలా సేవ్ చేసుకోవాలి అని రెండు గంటల్లో రాసి పడేశా. తెల్లారేసరికి ఫోన్ నోటిఫికేషన్లతో హ్యాంగ్ అయ్యింది. ఆ నెల యాడ్స్ మీద వచ్చిన డబ్బులతో మంచి మైక్ ఒకటి కొనుక్కున్నా.

ఆ పోస్ట్‌లో గల్వాన్ అన్న మాట ఒక్కసారే ఉంది. మొదటి వాక్యంలో. ‘గల్వాన్ ఘర్షణ నేపథ్యంలో’ అని మొదలుపెట్టి, కామా పెట్టి, నేరుగా యాప్‌ల్లోకి వెళ్లిపోయా. అక్కడ చనిపోయిన ఇరవై మందిలో ఒక్కరి పేరూ రాయలేదు. కల్నల్ సంతోష్‌బాబుది సూర్యాపేట. మా కోదాడ నుంచి బస్సులో గంట ప్రయాణం. ఆయన పేరు కూడా రాయలేదు.

ఇది నాకు గుర్తుచేసింది మా పిన్ని కొడుకు. మొన్న మార్చిలో పిన్ని ఫోన్ చేసింది. ‘‘ఒరేయ్ నాన్నా, వీడు మిలటరీలో కాంపౌండర్ ఉద్యోగానికి అప్లై చేస్తానంటున్నాడు. బైపీసీ తీసుకుంది డాక్టర్ అవుదామని గానీ బోర్డర్‌లో కట్లు కట్టడానికా? నువ్వు చెబితే వింటాడు. ఒక్కసారి వచ్చి పోరా’’ అంది. వాడు రెండుసార్లు నీట్ రాశాడు. రెండుసార్లూ సీటు దగ్గరదాకా కూడా రాలేదు. బాబాయ్ మూడోసారి లాంగ్ టర్మ్ కోచింగ్‌కు ఫీజు కడతానంటున్నాడు. వీడేమో ఆర్మీ వెబ్‌సైట్ తెరిచి కూర్చున్నాడు.

ఇంజినీరింగ్ చదివిన అన్నయ్య హోదాలో నేను నాలుగు పాయింట్లు రెడీ చేసుకుని వెళ్లా. ఫార్మసీ ఉంది, ఫిజియోథెరపీ ఉంది, అగ్రికల్చర్ బీఎస్సీ ఉంది, ఇదే ఎందుకు అని అడుగుదామని. వాడు నన్ను నోరు తెరవనివ్వలేదు.

‘‘అన్నయ్యా, నీకు దీపక్ సింగ్ తెలుసా?’’

తెలీదన్నా.

‘‘గల్వాన్?’’

‘‘అది తెలీకపోవడమేంట్రా!’’

‘‘అవునులే. గల్వాన్ మీద నీ పోస్ట్ నేనప్పుడే చదివా. టిక్‌టాక్ బదులు ఏం పెట్టుకోవాలో రాశావ్ కదా’’ అన్నాడు. వాడు వెటకారంగా అనలేదు. అదే ఇంకా గుచ్చుకుంది.

ముప్పై మంది

నాయక్ దీపక్ సింగ్‌ది మధ్యప్రదేశ్‌లోని రీవా జిల్లా. 16 బిహార్ బెటాలియన్‌లో నర్సింగ్ అసిస్టెంట్. చనిపోయేనాటికి ముప్పై ఏళ్లు. పెళ్లై ఏడాది కూడా కాలేదు. ఆ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసరే మన సంతోష్‌బాబు.

2020 జూన్ 15 రాత్రి ఏం జరిగిందో టూకీగా చెప్పుకోవాలి. తూర్పు లద్దాఖ్‌లో రెండు సైన్యాలూ వెనక్కి తగ్గాలని జూన్ 6న కోర్ కమాండర్ల స్థాయిలో ఒప్పందం కుదిరింది. పెట్రోలింగ్ పాయింట్ 14 దగ్గర ఆ మాట అమలైందో లేదో చూడడానికి సంతోష్‌బాబు తన జవాన్లతో వెళ్లారు. అక్కడ మొదలైన గొడవ చీకటి పడ్డాక పెద్ద కొట్లాటగా మారింది. తూటా ఒక్కటీ పేలలేదు. వాస్తవాధీన రేఖ దగ్గర తుపాకులు వాడొద్దని 1996, 2005 ఒప్పందాలు ఉన్నాయి. రాళ్లు, ఇనుప రాడ్లు, మేకులు కొట్టిన కర్రలతో కొట్టుకున్నారు. మనవాళ్లు ఇరవై మంది చనిపోయారు. ఆ సరిహద్దులో ప్రాణాలు పోవడం 1975 తర్వాత అదే మొదటిసారి. తమవైపు నలుగురు చనిపోయారని చైనా 2021 ఫిబ్రవరిలో ఒప్పుకుంది.

ఇంతవరకూ మనలో చాలామందికి తెలుసు. అదే చీకట్లో, అదే నది ఒడ్డున, కొట్టడం పనిగా కాకుండా కట్టు కట్టడం పనిగా ఒక మనిషి తిరిగాడన్నది నాకైతే తెలీదు. వీర చక్ర ఇచ్చినప్పటి సైటేషన్‌ను తమ్ముడు ఫోన్‌లో సేవ్ చేసుకున్నాడు. దాని సారాంశం ఇది: గొడవ ముదిరి గాయపడ్డవాళ్లు పెరుగుతుండగా దీపక్ సింగ్ ముందు వరసలోకి వెళ్లాడు. రాళ్ల దాడిలో అతనికీ తీవ్రంగా దెబ్బలు తగిలాయి. అయినా ఆపలేదు. తన గాయాలతోనే మిగతావాళ్లకు చికిత్స చేస్తూ పోయాడు. 30 మందికి పైగా సైనికుల ప్రాణాలు నిలవడానికి కారణమయ్యాడు. చివరికి ఆ గాయాలతోనే చనిపోయాడు.

శివ్ అరూర్, రాహుల్ సింగ్ రాసిన ‘ఇండియాస్ మోస్ట్ ఫియర్‌లెస్ 3’ పుస్తకం 2022లో వచ్చింది. ఆ రాత్రి అక్కడున్న సైనికుల నోటి నుంచి విన్నదాన్ని బట్టి రాసిన కథనం అందులో ఉంది. గాయపడ్డ చైనా సైనికులకు కూడా దీపక్ సింగ్ చికిత్స చేశాడని ఆ పుస్తకం చెబుతుంది. ఇది విని ‘ఎందుకు చేయాలి?’ అని కోపం తెచ్చుకునేవాళ్లు ఉంటారు. నాకూ మొదట ఒక్క క్షణం అనిపించింది. కానీ సైన్యంలో వైద్యం చేసేవాడి రూల్ అదే. గాయపడ్డవాడు ఎటువైపు వాడని చూడకుండా వైద్యం చేయాలని 1949 జెనీవా ఒప్పందమే చెబుతోంది. అదే ఒప్పందం వైద్యం చేసేవాళ్ల మీద దాడి చేయకూడదని కూడా చెబుతుంది. చీకట్లో పైనుంచి వచ్చే రాయికి అదేం తెలుస్తుంది!

చలికి, నెత్తురుకు సంబంధం

ఆ ముప్పై మంది అన్న అంకె దగ్గర నేను ఆగిపోయా. ఇంజినీర్ బుర్ర కదా, ఎలా సాధ్యం అని వెతకడం మొదలుపెట్టా. ఆ వెతుకులాటలోనే ఈ మనిషి పని ఎంత కష్టమో నాకు అర్థమైంది.

ఘటన తర్వాత ఆర్మీ విడుదల చేసిన ప్రకటనలో ఒక వాక్యం ఉంది. తీవ్రంగా గాయపడి, ఎత్తయిన ప్రాంతంలో సున్నా కంటే తక్కువ ఉష్ణోగ్రతలో ఉండిపోయిన 17 మంది మరణించారని, దాంతో మొత్తం ఇరవై అయ్యిందని. అప్పట్లో టీవీలో ఇది విన్నప్పుడు ‘సున్నా కంటే తక్కువ’ అన్నది ఏదో వాతావరణం వివరంలా అనిపించింది. కాదు. అది మరణానికి కారణాల్లో ఒకటి.

మనిషి ఒంట్లో దాదాపు అయిదు లీటర్ల నెత్తురు ఉంటుంది. దెబ్బ తగిలితే కాసేపటికి గడ్డకట్టి ఆగుతుంది. ఆ గడ్డకట్టే పనిని ఎంజైములు చేస్తాయి. అవి ఒంటి మామూలు వేడి దగ్గరే సరిగ్గా పనిచేస్తాయి. ఒంటి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే కిందికి జారుతుంటే అవి మందగిస్తాయి. నెత్తురు ఆగదు. నెత్తురు పోయేకొద్దీ ఒంట్లో వేడి పుట్టడం ఇంకా తగ్గుతుంది. కణాలకు ఆక్సిజన్ అందక నెత్తురులో ఆమ్లం పెరుగుతుంది. ఆమ్లం పెరిగితే గడ్డకట్టడం మరింత పాడవుతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో ఇదొక ఇన్‌ఫినిట్ లూప్. ఎక్కడో ఒకచోట బయటి నుంచి ఎవరైనా బ్రేక్ చేస్తే తప్ప ఆగదు. ట్రామా డాక్టర్లు ఈ మూడింటి కలయికకు ‘లీథల్ ట్రయాడ్’ అని పేరు పెట్టారు. ప్రాణం తీసే ముగ్గురు అన్నమాట.

దీనికి ఎత్తు తోడైంది. గల్వాన్ లోయ దాదాపు 14 వేల అడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కడ గాలి పీడనం సముద్ర మట్టం దగ్గర ఉన్నదానిలో అరవై శాతం చిల్లరే. కొత్తగా వెళ్లినవాడు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతాడు. కింద మంచు కరిగి పారే నది. ఆ నీళ్లలో పడ్డవాణ్ని ఒడ్డుకు లాగి, తడి బట్టలు తీసి, వెచ్చగా చుట్టి, నెత్తురు ఆపాలి. ఇదంతా చీకట్లో. చుట్టూ కొట్లాట నడుస్తుండగా.

అందుకే ఆ లూప్‌ను తెంచే మనిషి గాయపడ్డవాడికి నిమిషాల్లో దొరకాలి. 2001 నుంచి 2011 వరకు ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల్లో చనిపోయిన 4,596 మంది అమెరికా సైనికుల రికార్డులను అక్కడి సైనిక వైద్యులు తిరగేశారు. సరైన సమయంలో చికిత్స అంది ఉంటే బతికే అవకాశం ఉన్నవాళ్లను వేరుచేసి చూస్తే, వాళ్లలో పది మందిలో తొమ్మిది మంది నెత్తురు పోవడం వల్లే చనిపోయారు. ఎక్కువమంది ఆపరేషన్ బల్ల దాకా చేరనే లేదు. తొడలోని పెద్ద ధమని తెగితే కొద్ది నిమిషాలే టైమ్. హెలికాప్టర్ ఎంత స్పీడుగా వచ్చినా అంతలో రాదు. అప్పుడు పక్కనున్నది డాక్టరా, నర్సింగ్ అసిస్టెంటా అన్నది ప్రశ్న కాదు. గాయానికి పైన టూర్నికే బిగించి నెత్తురు ఆపగలిగినవాడు ఉన్నాడా లేడా అన్నదే.

ఇంకో కష్టం కూడా ఉంది. ముప్పై మంది వరసగా క్యూలో రారు. ఒకేసారి పడిపోతారు. ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి? గట్టిగా అరుస్తున్నవాడి దగ్గరికి కాదు. అరుస్తున్నాడంటే ఊపిరి ఆడుతోంది, స్పృహ ఉంది. సడీచప్పుడూ లేనివాడి దగ్గరికి ముందు పోవాలి. ఒక్కోసారి వాడు ఇక బతకడని తెలిసి, వదిలేసి రెండోవాడి దగ్గరికి పోవాలి. దీన్ని ట్రయాజ్ అంటారు. నెపోలియన్ సైన్యంలో డాక్టర్‌గా పనిచేసిన లారే కాలం నుంచి ఉన్న పద్ధతి. పుస్తకంలో ఒక పేజీ. పోయేవాళ్లు నిన్న సాయంత్రం నీతో కలిసి టీ తాగినవాళ్లయితే ఆ పేజీ ఎలా ఉంటుందో నేను ఊహించలేను.

ఘర్షణ తర్వాత 76 మంది గాయపడి ఆస్పత్రుల్లో ఉన్నారని, ఎవరి పరిస్థితీ విషమంగా లేదని ఆర్మీ వర్గాలు చెప్పాయి. ఆ మాట వెనక ఎంతమంది చేతులు ఉన్నాయో! ఒక జత చేతుల పేరు మనకు తెలుసు.

చిన్న పక్కదారి. నెత్తురు తొందరగా ఆగడానికి ఇప్పుడు వాడే కొన్ని డ్రెస్సింగ్‌లలో కైటోసాన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని రొయ్యలు, పీతల పెంకుల నుంచి తీస్తారు. కైటోసాన్‌కు పాజిటివ్ చార్జ్, ఎర్ర రక్తకణాల పైపొరకు నెగెటివ్ చార్జ్. రెండూ అతుక్కుని గాయానికి బిరడా పడినట్టవుతుంది. దేశంలో రొయ్యలు ఎక్కువగా పండించేది ఆంధ్రప్రదేశే. భీమవరం వైపు చెరువుల గట్ల మీద పెరిగి, బయోటెక్ చదువుతూ ‘ఏం చేయాలి’ అని అడిగే జూనియర్లు నాకు మెసేజ్‌లు పెడుతుంటారు. మీ ఊరి ప్రాసెసింగ్ ప్లాంట్‌లో పారేసే పెంకు వైపు ఓసారి చూడండి బ్రదర్.

కాంపౌండర్ అంటే

మా పిన్ని అన్న కాంపౌండర్ అనే మాటకు వస్తా. ఆమె తప్పేం లేదు. పల్లెల్లో మనం చూసింది అదే. డాక్టర్ గారు లోపల, సూది పొడిచేవాడు బయట. ఆర్మీలో లెక్క వేరు.

ఒక పదాతిదళ బెటాలియన్‌లో కొన్ని వందల మంది ఉంటారు. వాళ్లందరికీ సాధారణంగా ఉండే ఎంబీబీఎస్ డాక్టర్ ఒకరే. ఆయన్ని రెజిమెంటల్ మెడికల్ ఆఫీసర్ అంటారు. ఆయన కింద కొద్దిమంది నర్సింగ్ అసిస్టెంట్లు. బెటాలియన్ ఎక్కడికి కదిలితే వీళ్లూ అక్కడికే. కంపెనీలు, ప్లటూన్లు కొండల మీద విడివిడిగా ఉంటాయి కాబట్టి, డాక్టర్ అందరి దగ్గరా ఉండలేడు. చాలా పోస్టుల్లో జ్వరమైనా, మంచు కాటైనా, ఎత్తు వల్ల ఊపిరితిత్తుల్లోకి నీరు చేరినా మొదట చూసేది నర్సింగ్ అసిస్టెంటే. ఈ ట్రేడ్ వాళ్లు సాధారణంగా ఆర్మీ మెడికల్ కోర్‌కు చెందినవాళ్లు. లక్నోలోని ఏఎంసీ సెంటర్ అండ్ కాలేజ్‌లో సైనిక శిక్షణతో పాటు వైద్య శిక్షణా తీసుకుంటారు.

అర్హత సింపుల్. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ ఉండాలి. మొత్తం మీద 50 శాతం, ఒక్కో సబ్జెక్టులో కనీసం 40 శాతం మార్కులు రావాలి. అంటే మన బైపీసీ పిల్లలకు సరిగ్గా సరిపోయేది. జాయిన్ ఇండియన్ ఆర్మీ వెబ్‌సైట్‌లో ‘సోల్జర్ టెక్నికల్ నర్సింగ్ అసిస్టెంట్’ అనే పేరుతో ఉంటుంది. ముందు ఆన్‌లైన్ రాత పరీక్ష, అందులో పాసైతే ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు, తర్వాత మెడికల్. మనకు గుంటూరు, విశాఖపట్నం, సికింద్రాబాద్‌లలో రిక్రూటింగ్ ఆఫీసులు ఉన్నాయి. వయసు, ఎత్తు, సర్వీసు షరతులు ఏ ఏడాదికాయేడాది నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. అగ్నివీర్ వచ్చాక ఏ ట్రేడ్ దేని కిందికి వస్తుందో యూట్యూబ్ చానళ్లు తలోమాట చెబుతున్నాయి. పీడీఎఫ్ మీరే డౌన్‌లోడ్ చేసుకుని చదవండి. నేను టెక్ బ్లాగర్‌ని, నా మాట కూడా నమ్మొద్దు.

నీట్‌లో మంచి ర్యాంకు వచ్చినవాళ్లకు పుణెలోని ఏఎఫ్ఎంసీ దారి ఉండనే ఉంది. అమ్మాయిలకు మిలిటరీ నర్సింగ్ సర్వీస్ ఉంది. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చదివించి ఆఫీసర్‌గా తీసుకుంటారు. దానికీ నీట్ స్కోరే. ఎంబీబీఎస్ అయ్యాక షార్ట్ సర్వీస్ కమిషన్‌లో చేరొచ్చు. 2010 ఫిబ్రవరిలో కాబూల్‌లో భారతీయులున్న గెస్ట్ హౌస్ మీద దాడి జరిగినప్పుడు, చేతిలో ఆయుధం లేకుండానే ఉగ్రవాదిని పట్టుకుని, మిగతావాళ్లను కాపాడి చనిపోయిన మేజర్ లైశ్రామ్ జ్యోతిన్ సింగ్ ఆర్మీ మెడికల్ కోర్ డాక్టరే. మణిపూర్ వాడు. ఆయనకు అశోక చక్ర ఇచ్చారు.

ఇవన్నీ రాస్తుంటే ఒకటి అనిపిస్తోంది. కెరీర్ పేజీల్లో మనం అర్హత రాస్తాం, జీతం రాస్తాం, సిలబస్ రాస్తాం. ఈ ఉద్యోగంలో ప్రాణం పోవచ్చు అన్న లైన్ మాత్రం ఎక్కడా రాయం. నేనూ ఆ రోజు పిన్నికి అలాగే చెప్పా.

పిన్ని అడిగిన ప్రశ్న

తమ్ముడితో మాట్లాడాక నేను వాడి పార్టీలోకి మారిపోయా. సాయంత్రం పిన్ని టీ తెచ్చి కూర్చుంది. నేను మొదలుపెట్టా. కాంపౌండర్ కాదు పిన్నీ, ఇది చాలా పెద్ద పని అని. సంతోష్‌బాబు గారి బెటాలియన్‌లోనే ఒకతను ఉండేవాడు, ఒక్క రాత్రిలో ముప్పై మందిని బతికించాడు, వీర చక్ర ఇచ్చారు అని. సైన్యంలో యుద్ధ సమయంలో ఇచ్చే పతకాల్లో పరమవీర చక్ర, మహావీర చక్ర తర్వాత అదే అని. చలి గురించి, నెత్తురు గురించి పైన రాసిందంతా చెప్పా. పిన్ని శ్రద్ధగా వింది. అంతా అయ్యాక అడిగింది:

‘‘ఆ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడు?’’

నేను ముప్పై మంది దగ్గర ఆపేశాను కదా. నా దగ్గర జవాబు లేక కాదు. చెప్పలేక తమ్ముడి వైపు చూశా. వాడే చెప్పాడు. ‘‘లేడమ్మా. ఆ రాత్రే చనిపోయాడు.’’

పిన్ని గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి వంటింట్లో నుంచే ‘‘పెళ్లయిందా?’’ అని అడిగింది.

అయ్యింది. ఆమె పేరు రేఖా సింగ్. అప్పటికి టీచర్‌గా పనిచేస్తోంది. 2021 నవంబర్‌లో రాష్ట్రపతి భవన్‌లో భర్త వీర చక్రను రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా అందుకుంది. అదే కార్యక్రమంలో సంతోష్‌బాబు మహావీర చక్రను ఆయన భార్య సంతోషి, తల్లి మంజుల అందుకున్నారు. మన టీవీల్లో ఆ క్లిప్పే తిప్పి తిప్పి వేశారు. ఆ వరసలోనే రేఖ కూడా ఉంది.

ఆమె టీచర్ ఉద్యోగం వదిలేసి ఆర్మీలో ఆఫీసర్ అవ్వాలనుకుంది. నోయిడాలో కోచింగ్ తీసుకుంది. మొదటి ప్రయత్నంలో సెలెక్ట్ కాలేదు. రెండోసారి అయ్యింది. చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ పూర్తిచేసుకుని 2023 ఏప్రిల్ 29న లెఫ్టినెంట్‌గా బయటికి వచ్చింది. మొదటి పోస్టింగ్ తూర్పు లద్దాఖ్. భర్త పోయిన వైపే. సర్వీసులో చనిపోయిన సైనికుల భార్యలకు షార్ట్ సర్వీస్ కమిషన్‌లో ప్రత్యేక అవకాశం ఉంటుంది. వయసు పరిమితి 35 ఏళ్ల వరకు సడలిస్తారు. రాత పరీక్ష ఉండదు. కానీ ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూలో గానీ, అకాడమీ పరుగుల్లో గానీ ఎవరూ జాలిపడి మార్కులు వేయరు. మన ఊళ్లలో ఇలాంటి కుటుంబాలు ఉన్నాయి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి అడిగితే ఈ వివరాలు చెబుతారు. చాలామందికి తెలీదు కాబట్టి రాస్తున్నా.

ఇదంతా పిన్నికి చెప్పా. ఆమె నుంచి ఊ కూడా రాలేదు. పోపు వేసిన చప్పుడు మాత్రం వినిపించింది.

ఆ రాత్రి హైదరాబాద్ తిరిగి వస్తూ సూర్యాపేటలో దిగా. పనేమీ లేదు. సంతోష్‌బాబు విగ్రహం చూద్దామని. 2021 జూన్ 15న, సరిగ్గా ఏడాదికి పెట్టిన విగ్రహం అది. ఈ దారిలో వందసార్లు తిరిగా గానీ ఎప్పుడూ దిగలేదు. కోరుకొండ సైనిక్ స్కూల్‌లో చదివి, ఎన్‌డీఏకు వెళ్లి, కల్నల్ అయిన మనిషి. ఆయన్ని గుర్తుపెట్టుకోవడంలో మనవాళ్లు ఏ లోటూ చేయలేదు. ప్రభుత్వం ఆయన భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. జరగాల్సిందే జరిగింది. కానీ అక్కడ నిలబడ్డప్పుడు నాకు అనిపించింది ఏంటంటే, ఆయన వెంట నడిచినవాళ్ల పేర్లు మనకు ఎందుకు రావు? ఆ ఇరవై మందిలో తమిళనాడు హవల్దార్ పళని ఉన్నాడు, ఒడిశా నాయిబ్ సుబేదార్ నుదురామ్ సోరెన్ ఉన్నాడు, పంజాబ్ కుర్రాడు గుర్తేజ్ సింగ్ ఉన్నాడు. వీళ్లందరికీ దీపక్ సింగ్‌తో పాటే వీర చక్ర వచ్చింది. ఎవరి రాష్ట్రం వాళ్లు వాళ్లవాణ్ని గుర్తుపెట్టుకున్నారు. కమాండింగ్ ఆఫీసర్ తెలుగువాడు, ఆయన జవాన్లకు కట్టు కట్టినవాడు మధ్యప్రదేశ్ వాడు. రాళ్లు పడుతున్నప్పుడు ఈ లెక్క ఎవరికి గుర్తుంటుంది?

బస్సెక్కాక ఫోన్‌లో ఆ పాత పోస్ట్ తెరిచా. ఇప్పటికీ అలాగే ఉంది. టిక్‌టాక్ బదులు నేను సిఫారసు చేసిన యాప్‌లలో కొన్ని ఇప్పుడు లేవు కూడా. ఎడిట్ నొక్కి, పైన ఇరవై మంది పేర్లు, ర్యాంకులు, ఊళ్లు ఒక్కొక్కటిగా టైప్ చేశా. దీపక్ సింగ్ పేరు పక్కన నర్సింగ్ అసిస్టెంట్ అని రాశా. హైదరాబాద్ చేరేదాకా పట్టింది. పాత పోస్ట్ కాబట్టి ఎవరూ చూడరు. ఆ వారం తొమ్మిది వ్యూస్ వచ్చాయి. అందులో రెండు నావే.

నాలుగు రోజుల తర్వాత తమ్ముడు ఫోన్ చేశాడు. అప్లికేషన్‌కు ఆఖరి తేదీ దగ్గరపడింది, సర్వర్ బిజీ అని వస్తోంది, నువ్వు అక్కడి నుంచి ట్రై చెయ్ అన్నయ్యా అన్నాడు. రాత్రి పదకొండున్నరకు పేజీ ఓపెన్ అయ్యింది. టెన్త్ మెమో నంబర్, ఇంటర్ మార్కులు, ఫొటో, సంతకం అన్నీ ఎక్కించా. మొబైల్ నంబర్ దగ్గర వాడు చిన్నప్పుడు స్కూల్లో ఇచ్చిన నంబరే ఇచ్చాడు. అది పిన్నిది. ఓటీపీ ఆమె ఫోన్‌కే వెళ్లింది.

‘‘అమ్మ పడుకుంది. లేపనా?’’ అన్నాడు వాడు మెల్లగా.

ఏం చెప్పాలో నాకు తెలీలేదు. స్క్రీన్ మీద టైమర్ తిరుగుతోంది. ఈలోపు అటువైపు మంచం కిర్రుమన్న చప్పుడు. కళ్లజోడు ఎక్కడ పెట్టానని వెతుక్కుంటున్న పిన్ని గొంతు. తర్వాత ఫోన్ దగ్గరికి వచ్చి, ఆరంకెలు ఒక్కొక్కటిగా, నేను ఎక్కడ తప్పు కొడతానో అన్నట్టు నిదానంగా చదివింది.